తెల్ల చొక్కా మీద మూడు మచ్చలు

మా ముత్తాత ఏడు గ్రామాలకు దేశ్‌ముఖు. ఆయన కొడుకు, అంటే మా తాత, ఆ ఏడింటిలో మూడింటిని మాత్రమే నిలబెట్టుకోగలిగినా, గాజుపలకల మీద ఫొటో తీసే కెమెరాను హైదరాబాదు నుంచి ఎడ్లబండి మీద తెప్పించుకున్న మొదటి మనిషి అని మా తాలూకా అంతటా పేరు తెచ్చుకున్నాడు. మా నాన్న ఒక్క ఊరికి పటేలు, ప్రభుత్వం ఆ పటేలరికాన్ని రద్దు చేశాక కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి మిగిలిన భూములను వకీళ్లకు ధారపోసినవాడు. నేను గోదావరిఖని చౌరస్తాకు దగ్గరలో ఒక అద్దె గదిలో ఫొటో స్టూడియో పెట్టుకుని ముప్పై ఏళ్లు బతికినవాణ్ణి. కోటలాంటి మా గడి ఉన్న చోట ఇప్పుడు ఓపెన్‌కాస్టు గని తవ్విపోసిన మట్టిగుట్ట ఉంది, దాని మీద తుమ్మచెట్లు కూడా మొలిచాయి.

ఈ వరుసంతా మళ్లీ గుర్తుకు రావడానికి కారణం, పోయిన ఆదివారం మా ఇంటి ముందు స్కూటీ ఆపి ఒక ఆమె లోపలికి రావడం. నలభై ఏళ్లుంటాయేమో, బడిలో టీచరట. దొరగారి ఇల్లు ఇదేనా అని అడిగింది. ఆ పిలుపు విని చాలా ఏళ్లయింది, నడుం నొప్పితో మంచం మీద వాలి ఉన్నవాణ్ణి, తెలియకుండానే వీపు నిటారుగా చేసుకుని కూర్చున్నాను. చిన్నప్పుడు తాత నేర్పిన అలవాటు అది, ఒంట్లో సత్తువ పోయినా అది మాత్రం పోలేదు. ఆమె తన తండ్రి పేరు చెప్పగానే మాత్రం ఆ వీపు కొంచెం వంగింది. ఆయన బొగ్గుగనిలో టింబర్‌మన్, అంటే లోపల పైకప్పు కూలకుండా కర్రదిమ్మెలు నిలబెట్టేవాడు. గని నుంచి రిటైరై బెల్లంపల్లిలో ఉండేవాడు. నెల కిందట చనిపోయాడట. చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నామని, ఆయన దిగిపోయిన రోజున నేను తీసిన ఫొటో పెద్దది చేయించాలని, అసలు ఫైలు ఉంటే ఇమ్మని వచ్చింది.

మా ప్రాంతంలో రిటైరవడాన్ని దిగిపోవడం అంటారని నా వయసువాళ్లకు చెప్పక్కరలేదు. ఆ రోజు జరిగే తంతు కూడా మీకు తెలిసిందే. దిగిపోయే మనిషి చివరి షిఫ్టు చేసి, మొఖం నిండా బొగ్గుతో, నెత్తి మీద టోపీలైటుతో పైకి వస్తాడు. మొఖం కడుక్కోకముందే ఒక ఫొటో తీయాలి. తర్వాత లైటును ల్యాంపురూములో అప్పజెప్పి, మేం బాయి అనే గని దగ్గరే తానం చేసి, భార్య తెచ్చిన కొత్త బట్టలు కట్టుకుంటాడు. దండలు వేస్తారు. అప్పుడు భార్యాభర్తలను పక్కపక్కన నిలబెట్టి రెండో ఫొటో. ముప్పై ఏళ్లకు పైగా చీకట్లో పనిచేసిన మనిషికి కంపెనీ ఇచ్చే డబ్బు ఎటుపోతుందో గానీ, ఆ రెండు ఫొటోలు మాత్రం ఇంటి గోడ మీద నిలిచిపోతాయి. మొదటిది మళ్లీ తీయడానికి వీలుండదు, లైటు ఒక్కసారి అప్పజెప్పినవాడు మళ్లీ గనిలోకి దిగడు. ఆ ఫొటోలే నా స్టూడియోకు అన్నం పెట్టాయి.

ఆ టింబర్‌మన్ తండ్రి మా గడిలో జీతగాడు. ఈ మాట రాయడానికి కలం కొంచెం ఆగుతుంది గానీ దాచి లాభం లేదు. తండ్రి మా తాతను చూస్తే కాల్మొక్తా దొరా అంటూ వంగేవాడు. కొడుకు నన్ను దొరా అనే పిలిచేవాడు గానీ వంగేవాడు కాదు, గనిలో పైవాడైన ఓవర్‌మన్‌ను సార్ అన్నట్టుగా, నిలబడే, నవ్వుతూ అనేవాడు. ఆ తేడా నాకు తెలిసేది. తెలిసినా, చౌరస్తాలో నలుగురిలో ఆయన ఆ మాట అంటే నాకు బాగుండేది.

మా తాత తీసిన ఫొటోల్లో ఒకటి మా ఇంట్లో చాలాకాలం ఉండేది. ముత్తాత కుర్చీలో కూర్చుని ఉంటాడు, ఆయన నెత్తి మీద నల్లటి ఛత్రి, ఆ ఛత్రి కాడను పట్టుకున్న ఒక చెయ్యి. చెయ్యి మాత్రమే. మనిషి ఉండడు. ఫొటో కాగితం మీద వేసేటప్పుడు తాత ఆ పక్కన నల్ల కాగితం అడ్డం పెట్టి మనిషిని తీసేశాడు. కానీ గాజుపలకలో ఆ మనిషి, టింబర్‌మన్ తండ్రి, పూర్తిగా ఉన్నాడు, గోచీ, బోడి నెత్తి, ఎండకు చిట్లించిన కళ్లు అన్నీ. ఆ పలకల పెట్టె నా దగ్గరే ఉండేది. ఒకసారి టింబర్‌మన్ స్టూడియోకు పాస్‌పోర్టు ఫొటోకని వచ్చినప్పుడు మాటల్లో ఆ సంగతి చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

“మా నాయన ఫొటో భూమ్మీద ఒక్కటి లేదు దొరా. గా ఫొటో కడిగియ్యరాదు?”

ఇస్తానన్నాను. పలక పాతది, జాగ్రత్తగా చేయాలె, తీరిక చూసుకుని చేస్తా అన్నాను. ఆ తీరిక నాకు చాలా ఏళ్లు దొరకలేదు.

ఈలోగా కాలం మారిపోయింది. రీళ్లు దొరకడం తగ్గింది, కరీంనగర్‌లో రీళ్లు కడిగే ల్యాబులు ఒక్కటొక్కటిగా కంప్యూటర్లు పెట్టుకున్నాయి, పెళ్లిళ్లకు వచ్చే పిలుపులు డిజిటల్ కెమెరాలున్న కుర్ర స్టూడియోలకు పోసాగాయి. రాష్ట్రం కోసం చౌరస్తాలో రోజూ ధర్నాలు జరుగుతున్న రోజులు అవి. నా స్టూడియో ముందు టెంటు వేసుకున్నవాళ్లు కూడా ఫొటోలు మాత్రం పక్క సందులోని పిల్లవాడి చేత తీయించుకునేవారు. ఇక డిజిటల్ కెమెరా కొనక తప్పదని తేలింది. ఒక్కటే కొనగలను, రెండోసారి కొనే తాహతు లేదు. తప్పు కొంటే స్టూడియో మూసుకోవలసిందే.

మా బావమరిది అప్పటికి జ్యోతినగర్‌లో కరెంటు ప్లాంటు ఇంజనీరు. ఫొటోలంటే పిచ్చి. క్వార్టర్‌లో కూర్చోబెట్టి, ఇంటర్నెట్‌లో చదివినవన్నీ ఓపికగా చెప్పాడు. తన దగ్గరున్న చిన్న కెమెరాను నా చేతిలో పెట్టాడు. గుప్పిట్లో పట్టేది, చొక్కా జేబులో వేసుకోదగ్గది, అయినా మామూలు చిన్న కెమెరాల్లాంటిది కాదు, లోపల బొమ్మ పడే పలక పెద్దది, కటకం మంచిది, అన్నీ మన చేత్తో సరిచేసుకోవచ్చు. నా మణికట్టు అప్పటికే వణికేది. మెడకు బరువు తగిలించుకుంటే సాయంత్రానికి తల తిప్పలేకపోయేవాణ్ణి. అతనికి ఇవన్నీ తెలుసు.

“బావా, నువ్వు తీసేది గ్రూపు ఫొటోలు, దిగిపోయేటోళ్ల ఫొటోలు. గీ చిన్నదాంతోటి సాఫ్‌గ వస్తయి. పెద్దది కొంటే లెన్సులు ఇప్పాలె, బిగియ్యాలె. మన కాడ గాలి గాదు బావా, బొగ్గు. లోపల్కి పోయిందంటే మళ్ల బయటికి ఎల్లది.”

అతను చెప్పింది అర్థం కాక కాదు. కానీ ఆ చిన్న కెమెరాను పట్టుకుని అద్దంలో చూసుకుంటే నాకే నవ్వొచ్చింది. అంతకు నెల ముందే ఒక పెళ్లిలో, ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్న అలాంటి చిన్న కెమెరాతో నిలబడితే, పెళ్లికొడుకు మేనమామ అందరి ముందూ గీ సబ్బుపెట్టెతోని ఏం దీస్తవే అని అడిగాడు. జనం నవ్వారు. తీసిన ఫొటోలు బాగానే వచ్చాయి, ఆ మేనమామ తర్వాత వచ్చి రెండు కాపీలు ఎక్కువే తీసుకుపోయాడు, కానీ నా చెవిలో మిగిలింది ఆ నవ్వే. పెద్దది, నల్లది, ముందుకు పొడుచుకు వచ్చిన లెన్సున్నది మెడలో వేలాడితే మనుషులు దారి ఇస్తారు, జరగమంటే జరుగుతారు. నాకు కావలసింది అది.

మా ఇంటావిడకు కెమెరాల సంగతి తెలియదు, నా సంగతి తెలుసు. ఆమె ఒక్కసారే అన్నది.

“మీరు కొనబోయేది కెమెరానా, గడినా?”

మర్నాడు పొద్దున రైలెక్కి హైదరాబాదు పోయి, కోఠిలో డీఎస్‌ఎల్‌ఆర్ కొన్నాను. దానితో వచ్చిన మామూలు లెన్సు చాలదన్నట్టు, దూరంగా ఉన్నవాళ్లను దగ్గరగా తీసే పొడుగాటి లెన్సు కూడా ఒకటి తీసుకున్నాను. తిరుగు ప్రయాణంలో రైల్లో ఆ సంచిని ఒళ్లోంచి కింద పెట్టలేదు. ఎదుటి సీటు మనిషి అది ఏమిటని అడిగితే, ఎన్నో ఏళ్ల తర్వాత మొదటిసారి ఒక కొత్త మనిషికి మా ముత్తాత ఎవరో చెప్పాను.

ఆ కెమెరాతో నేను పట్టుకున్న మొదటి పెద్ద పని టింబర్‌మన్ దిగిపోయే రోజు. ఆయనే స్వయంగా వచ్చి పిలిచాడు. పక్క సందు పిల్లవాడు తక్కువకు చేస్తానన్నాడట, ఈయన వద్దన్నాడట.

“మా నాయన మీ తాత ఫొటోకు ఛత్రి పట్టిండు. నా ఫొటో మీరే దియ్యాలె దొరా. గీసారి ఛత్రి అక్కర్లేదు తియ్యుండ్రి.”

ఇద్దరం నవ్వుకున్నాం. ఆయన మనసులో పాత బాకీ లాంటిదేమీ లేదు, ఉంటే నేను పోయేవాణ్ణి కాదు.

ఆ రోజు గని ముందు యాభై మంది ఉన్నారు. ఆయనతో పాటు బొగ్గు ఎత్తే ఫిల్లరు ఒకాయన కూడా దిగిపోతున్నాడు, ఇద్దరికీ ఒకే తంతు. షిఫ్టు అయిపోయే వేళ, ఎండ తెల్లగా కాస్తోంది, గాలి ఉంది. అవతల బొగ్గును లారీల్లో పోసే చోటు నుంచి దుమ్ము తెరలు తెరలుగా వస్తోంది. మాకు అది దుమ్ములాగా కనిపించేది కూడా కాదు, మా ఎండ రంగే అంత. నేను మామూలు లెన్సుతో సిద్ధంగా ఉన్నాను. ఇంతలో ఫిల్లరు తమ్ముడు ఎవరో నా సంచిలోని పొడుగు లెన్సును చూసి, ఇది ఎప్పుడు పెడ్తరన్నా అని అడిగాడు. చుట్టూ ఉన్నవాళ్లు ముందుకు జరిగారు. ఆ క్షణం నేను చేసిన పని నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. గాలికి ఎదురుగా నిలబడి, అందరికీ కనిపించేలా, తొందర లేకుండా, చిన్న లెన్సు విప్పి, కెమెరా నోరు అలాగే తెరిచి ఉంచి, పొడుగు లెన్సును జేబురుమాలుతో తుడిచి, బిగించాను. ఎవరో అబ్బ అన్నారు. నేను కొంచెం దూరం పోయి రెండు మూడు ఫొటోలు తీసి, మళ్లీ వచ్చి మళ్లీ మార్చాను. నాలుగుసార్లు మార్చి ఉంటాను. అవసరం ఒక్కసారి కూడా లేదు.

టింబర్‌మన్ నల్లటి మొఖంతో పైకి వచ్చాడు. పళ్లు, కళ్లు తప్ప ఏమీ కనిపించవు. తీశాను. తానం చేసి వచ్చాడు. ఆయన భార్య ప్లాస్టిక్ కవర్లోంచి తెల్ల చొక్కా తీసి, రెండు చేతులతో విప్పి, తానే తొడిగింది. ఆమెది కూడా తెల్లచీర, ఆదివారం చర్చికి కట్టుకునేది. వెనక నిలబడ్డవాళ్లు కూడా స్పష్టంగా రావాలని కెమెరా కన్ను బాగా చిన్నది చేసి తీశాను. కెమెరా వెనక ఉన్న చిన్న తెర మీద అన్నీ అద్భుతంగా కనిపించాయి. ఇద్దరికీ చూపించాను. ఆమె తన చీర అంచును ఆ తెర మీద వేలితో తడిమి చూసుకుంది.

మూడో రోజు కరీంనగర్ ల్యాబు నుంచి ఫొటోలు వచ్చాయి, వాటి వెంటే ల్యాబువాడి ఫోను. మీ కెమెరా లోపల దుమ్ము పడ్డది సార్, అన్ని ఫొటోల్లో ఒక్క తీరుగ మచ్చలున్నయి, చెప్తే కంప్యూటర్ల తుడిచి మళ్లీ వేస్తాం, వారం పడుతుంది అన్నాడు. కవరు విప్పి చూశాను. నల్లమొఖం ఫొటోలో మచ్చలు బొగ్గులో కలిసిపోయి తెలియడం లేదు. రెండోదానిలో మూడు. ఒకటి చొక్కా కాలరు కింద, ఒకటి భుజం మీద, ఒకటి ఆమె చీర కుచ్చెళ్ల మీద. బూడిదరంగులో, గుండ్రంగా, నీళ్లలో సిరా చుక్క విచ్చుకున్నట్టు.

సరిగ్గా అదే రోజు భార్యాభర్తలిద్దరూ వచ్చారు. దిగిపోయాక కంపెనీ క్వార్టరు ఖాళీ చేయాలి గదా, సామాను లారీకెక్కించి, బెల్లంపల్లి పోతూ దారిలో ఫొటోల కోసం ఆగారు. వారం ఆగమని చెప్పొచ్చు. కెమెరాలో దుమ్ము పడింది, నా పొరపాటు అని చెప్పొచ్చు. కవరు చేతికిచ్చాను.

ఆమె చూసి, మొదట బొటనవేలితో ఆ మచ్చను తుడవబోయింది. పోలేదు.

“గిదేంది, మరకలున్నయి?”

నేను వీపు నిటారుగా పెట్టుకుని, నా గొంతు నాకే వినిపించేంత నిదానంగా, బాయి కాడి గాలికి చొక్కా మీద బొగ్గు పడ్డట్టుంది, తొడిగేముందు దులపాల్సింది అన్నాను. ఆమె మొఖం చిన్నబోయింది. కవర్ల కెల్లి తీసి తొడిగిన గద, దులపలేదా నేను, అని తనలో తనే అనుకుంది. టింబర్‌మన్ ఫొటోను కాసేపు చూశాడు, నన్ను ఒక్కసారి చూశాడు, తర్వాత నవ్వాడు.

“బొగ్గు ఇడుస్తలేదు దొరా. తానం జేసినా ఎంట వచ్చింది. ఇన్నేండ్ల దోస్తానాయె.”

డబ్బు మొత్తం ఇచ్చాడు. తగ్గించమని కూడా అడగలేదు. లారీ హారను కొట్టింది. మెట్లు దిగుతూ, పలక సంగతి మర్శిపోకుండ్రి అన్నాడు. సరే అన్నాను.

ఆ తర్వాత ఆయనను నేను చూడలేదు. రాష్ట్రం వచ్చిన రోజు చౌరస్తాలో పటాకులు కాలుస్తుంటే ఆ పొడుగు లెన్సుతోనే తీశాను, ఆ ఫొటోలు ఎవరూ కొనలేదు, అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. కెమెరాను శుభ్రం చేయించడానికి ప్రతిసారీ హైదరాబాదు పోవలసి వచ్చేది. మెడనొప్పి ఎక్కువై దవాఖానలో పడ్డాను. ఆ సంవత్సరమే స్టూడియో గదిని వదిలేశాను, ఇప్పుడు అందులో ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది.

పోయిన ఆదివారం టీచరమ్మ కూర్చుని ఉండగానే పాత డిస్కులన్నీ వెతికాను. దొరికింది. కంప్యూటర్ తెర మీద ఆ తెల్ల చొక్కా, ఆ మూడు మచ్చలు. తుడిచెయ్యమంటారా అని అడిగాను. ఆమె కొంచెం తటపటాయించి చెప్పింది.

“తుడువుండ్రి సార్, అమ్మకు అదే కావాలె. శానా దినాలు బాధపడ్డది, చొక్క దులపలేదని. తర్వాత ఒక పెండ్లిల ఆ ఫిల్లరు చిన్నాయన వాళ్ల ఫొటో జూపిస్తే, అండ్ల కూడ గదే జాగల మూడు మచ్చలున్నయట. బాపు అప్పుడు అమ్మకు చెప్పిండు, కెమెరాల దుమ్ము పడ్డదే, నీ తప్పేం లేదని. దొరకు మాత్రం చెప్పకుండ్రి, మనసు కష్టపెట్టుకుంటడు అన్నడు.”

ఆమె ఈ మాట ఎత్తిపొడవడానికి చెప్పలేదు. తండ్రి మంచితనం గురించి చెప్పుకుంటోంది, అంతే. నేను మచ్చలు తుడిచాను. ఒక్కొక్క దానికి ఒక్కొక్క నొక్కు, మూడు నొక్కులు, నిమిషం కూడా పట్టలేదు. ఫైలు ఆమె పెన్‌డ్రైవులో వేసిచ్చాను. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. గేటు దాకా పోయిన మనిషి వెనక్కి తిరిగి, మా తాత ఫొటో కూడ మీ కాడ ఉన్నదని బాపు అంటుండె, ఛత్రి పట్టుకున్నది, అది దొరికితే ఇద్దర్ని పక్కపక్కన పెట్టుకుంటం సార్ అన్నది. వెతికి చెప్తానన్నాను. గుమ్మంలో నిలబడి ఉన్న మా ఇంటావిడ నా వైపు ఒకసారి చూసి లోపలికి పోయింది.

ఇప్పుడు అందరి జేబుల్లోనూ కెమెరా ఉంది, అదీ మా బావమరిది చెప్పిన ఆ చిన్నదానికంటే చిన్నది. దిగిపోయేవాళ్ల మొఖాలు ఇప్పుడూ నల్లగానే ఉంటాయి, గనులే తగ్గిపోయాయి, ఫొటోలు ఫోన్లలో వచ్చి ఫోన్లలోనే పోతాయి. ఎవరూ ఎవరి కోసమూ గాలిలో నిలబడి ఎదురుచూడరు. దొరా అని పిలిచే చివరి మనిషి కూడా పోయాడు, ఆ పిలుపుకు నేను ఎంత తూగానో ఆయనకు తెలిసినంత మరెవరికీ తెలియదు. డ్రాయరులో ఆ డీఎస్‌ఎల్‌ఆర్ ఇంకా ఉంది, ఎత్తి కంటికి ఆనించాలంటే చేతులు వణుకుతాయి. వెతుకుతానని చెప్పాను గానీ, వెతకడానికి ఈ ఇంట్లో ఏమీ లేదు.

కోఠిలో ఆ డీఎస్‌ఎల్‌ఆర్ కొన్న రోజున, డబ్బు చాలక, అదే దుకాణంలో తాత కెమెరాను, దానితో పాటు గాజుపలకల పెట్టెను అమ్మేశాను.